చెక్క వాటం, నీటి వాటం

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే ఒక ఇంటి వసారాలో అరగంట సేపు కూర్చున్నాను. ఇంట్లోవాళ్లు తమలో తాము ఉర్దూలో మాట్లాడుకుంటున్నారు. నాతో మాత్రం అచ్చమైన మెట్ట నెల్లూరు తెలుగు. ఒకామె వేలెడు మందమున్న కొయ్యముక్కను ఎడంచేత్తో బల్లకు అదిమిపట్టి ఆకురాయితో రాస్తోంది. చెంచా గిన్నె అప్పటికే లోతు తేలింది. ఇక గిన్నెకూ కాడకూ నడుమ మెడ సన్నం చెయ్యాలి. పది పన్నెండు సార్లు ఒకే వైపు నుంచి రాసి, ఉన్నట్టుండి ఆగి, ముక్కను తిప్పి పట్టుకుని అవతలి వైపు నుంచి మొదలుపెట్టింది. నా కంటికి చెక్కలో తేడా ఏమీ లేదు. ఎందుకు తిప్పావమ్మా అని అడిగాను.

“నార అడ్డం తిరిగిందన్నా. అట్టే పోతే పేడు లేస్తాది. ఇంకా బలవంతం చేస్తే మెడకాడ పుటుక్కుమంటాది.”

ఎట్టా తెలిసింది?

“సద్దు మారింది గదా!”

నాకు ఏ సద్దూ మారినట్టు వినపడలేదు. ఆమె తలెత్తకుండానే చెప్పింది, చెప్పి మళ్లీ పనిలో పడింది.

తావో తత్వం గురించి తెలుగులో ఎవరు మొదలుపెట్టినా శూన్యం, మౌనం, అద్వైతం అని పెద్ద మాటలతో మొదలుపెడతారు. ఓషో ఉపన్యాసాలు చదివినవాళ్లయితే మరీనూ. నేను మాత్రం ఈ ఆకురాయి చప్పుడు దగ్గరే మొదలుపెడతాను. ఆ తత్వాన్ని చెప్పిన చైనా గ్రంథాల్లో గురువులుగా కనపడేది కసాయివాడు, బండి చక్రాలు చేసేవాడు, వడ్రంగి, తోటమాలి. రాజులూ పండితులూ వాళ్ల ముందు నిలబడి నేర్చుకుంటారు.

ముందు మాట సంగతి. తావో అంటే దారి. చైనావాళ్ల నోట అది ‘దావ్’కి దగ్గరగా పలుకుతుంది. మన వైపు పెద్దవాళ్లు దారిని తోవ అంటారు. తావో, తోవ ఒకేలా వినపడటం కాకతాళీయం, దాని మీద భాషాశాస్త్రం కట్టొద్దు. కానీ అర్థం పట్టుకోవడానికి తోవ అనే మాటే మేలు. రోడ్డు వేస్తారు, తోవ పడుతుంది. మేకలు, మనుషులు, వాననీళ్లు ఎక్కడ సులువో అక్కడ నడవగా నడవగా కొండ మీద తేలే గీత అది. దాన్ని ఎవరూ గీయలేదు, అలాగని మనుషులు నడవకుండా పడిందీ కాదు.

ఈ తత్వానికి రెండు మూల గ్రంథాలు. ఒకటి తావో తే చింగ్. 81 చిన్న చిన్న అధ్యాయాలు, మొత్తం 5 వేల అక్షరాలకు అటూ ఇటూ. లావోత్సు రాశాడని చెబుతారు, అసలు అలాంటి మనిషి ఒకడు ఉన్నాడా అన్నది పండితుల తగువు. 1973లో మవాంగ్‌దుయ్ సమాధుల్లో పట్టుబట్ట మీద రాసిన ప్రతులు దొరికాయి. 1993లో గువోద్యన్‌లో క్రీ.పూ. 300 ప్రాంతపు సమాధిలో వెదురు పేళ్ల మీద రాసిన భాగాలు బయటపడ్డాయి. రెండోది క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన చువాంగ్త్సు పేరుతో ఉన్న కథల గ్రంథం. మొదటిది సూత్రాలు, రెండోది చమత్కారం. 7వ శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ అడిగితే, తావో తే చింగ్‌ను సంస్కృతంలోకి మార్చే పని హ్యూయన్‌త్సాంగ్‌కు అప్పగించారని చైనా గ్రంథాల్లో ఉంది. ఆ సంస్కృతం మనకు దక్కలేదు.

ఇందులో అందరూ తడబడే మాట ఒకటుంది: వూ వెయ్. అక్షరాలా చూస్తే ‘చేయకపోవడం’. నారు పోసినవాడు నీరు పోయడా అని అరుగు మీద కూర్చోవడానికి ఇదొక చైనా ఆమోదం అనుకుంటారు చాలామంది. అది తప్పు. వసారాలో ఆమె చేసింది వూ వెయ్. చెక్క ఎటు ఒప్పుకుంటుందో అటు తిప్పుకుంది. పని ఆగలేదు, పెనుగులాట ఆగింది.

చువాంగ్త్సు గ్రంథంలో చక్రాలు చేసే ముసలాయన కథ ఉంది. పైన మందిరంలో రాజు పుస్తకం చదువుతుంటాడు, కింద ఈయన చక్రం చెక్కుతుంటాడు. మీరు చదివేది చచ్చిపోయినవాళ్లు వదిలేసిన పిప్పి అనేశాడు రాజుతో. తల తీయిస్తానన్నాడు రాజు, సరైన కారణం చెప్పకపోతే. ముసలాయన తన పని చూపించాడు. నెమ్మదిగా చెక్కితే చక్రపు ఆకు నడిమి కుండలో వదులవుతుంది, తొందరపడితే బిగుసుకుని దిగదు. ఆ రెంటి మధ్య కొలత తన చేతికి తెలుసు, మనసుకు తెలుసు, నోటికి రాదు. కొడుక్కు కూడా నేర్పలేకపోయాడు. అందుకే 70 ఏళ్లు వచ్చినా ఇంకా తనే చక్రాలు చేస్తున్నాడు.

ఈ కథను చదువుకు వ్యతిరేకమని చెప్పేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. మన భాషలో ‘పని చేతికి రావడం’ అంటాం. తలకు రావడం అనం. (చేతివాటం అని చక్కటి మాట ఉండేది కానీ దాన్ని దొంగతనానికి ఇచ్చేశాం.) చేతికి రావడానికి పట్టే కాలాన్ని పుస్తకం తగ్గించలేదు, అదీ ముసలాయన అన్నది. ఉదయగిరిలో ఆమెను ఫోర్కు చేయడం ఎన్నాళ్లకు వచ్చిందని అడిగితే నవ్వింది. “పళ్లు కోసేటప్పుడు ఇప్పటికీ ఒకటి పోద్ది” అంది. తల్లి దగ్గర నేర్చుకుంది, ఇప్పుడు కూతురు పక్కన కూర్చుని ఉప్పుకాయితంతో నునుపు పెడుతోంది.

ఇంకో కథలో వడ్రంగి గంటలు వేలాడదీసే చట్రం చేస్తే, మనిషి చేసిందేనా అని జనం విస్తుపోయారు. ఎట్లా చేశావని రాజు అడిగాడు. పనికి ముందు ఉపవాసం ఉంటానన్నాడు. మూడు రోజులకు బహుమానం మీద ధ్యాస పోతుంది. ఐదు రోజులకు మెచ్చుకుంటారా తిడతారా అన్నది పోతుంది. ఏడు రోజులకు తనకు కాళ్లూ చేతులూ ఉన్నాయన్న స్పృహే పోతుంది. అప్పుడు అడవికి వెళతాడు. ఏ చెట్టులో చట్రం ముందే కనపడుతుందో దాని మీద చెయ్యి వేస్తాడు. కనపడకపోతే తిరిగి వచ్చేస్తాడు. నాకు ఇందులో నచ్చేది ఆ చివరి మాట. వట్టి చేతులతో తిరిగి వచ్చే ఓపిక.

చెంచా చేసేవాళ్లకు ఏడు రోజుల ఉపవాసం పెట్టే స్తోమత లేదు. డజన్ల లెక్కన ఇవ్వాలి. అయినా కొయ్య ఎంచుకోవడంలో ఆ వడ్రంగి కన్నే ఉంది. ఉదయగిరి చుట్టుపక్కల అడవిలో దొరికే నర్ది, బిక్కి, కలివి, దేవదారి కొయ్యలు వీళ్లకు పనికొచ్చేవి. ఈ దేవదారి హిమాలయాల దేవదారు కాదు, మన మెట్టకొండల్లో పెరిగే చిన్న చెట్టు, చేవలో మంచి వాసన ఉంటుంది. ముక్క చేతికి రాగానే ఏది గరిటె అవుతుందో, ఏది దువ్వెనకు తప్ప పనికిరాదో విడదీస్తారు. లావోత్సు చక్రం ఆకుల నడుమ ఖాళీ గురించి, కుండలోని బోలు గురించి మాట్లాడతాడు. ఆ అధ్యాయం నాకు చాన్నాళ్లు మాటల గారడీలాగే ఉండేది. ఇక్కడ కూర్చున్నాక అర్థమైంది. చెంచాలో పులుసు నిలిచేది చెక్కలో కాదు, చెక్క తీసేసిన చోట.

జీవితమంతా ఇలా ఒకే వాటాన్ని పట్టుకుని రాసినవాళ్లు తెలుగులో ఎవరని అడిగితే నేను కవి ఇస్మాయిల్ పేరు చెబుతాను. కాకినాడ పీఆర్ కళాశాలలో తత్వశాస్త్రం చెప్పిన ఆయన 1972లో తెచ్చిన సంపుటి పేరే ‘చెట్టు నా ఆదర్శం’. కవితలో మాట కంటే మాట తీసేసిన చోటు మీద ఆయనకు నమ్మకం. ఆయన్ని తావో కవి అనను, ఆ బిరుదుకు ఆయనే నవ్వేవాడు.

ఇక నీళ్లు. తావో తే చింగ్‌లో నీటిని మించిన ఉపమానం లేదు. పల్లానికి పోతుంది, ఎవరితో పోటీ పడదు, రాయిని అరగదీస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ నీటి కోసం ఎదురుచూసే మెట్ట ప్రాంతంలో దీనికి అర్థం ఏమిటి? దీనికి జవాబు ఉదయగిరి కొండ మీద ఉండి పాలించిన ఒక రాజకుమారుడి శాసనంలో ఉందని నా అభిప్రాయం.

విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి తూర్పు సీమను ఏలేవాడు. 1369లో వెలిగొండల కొండవరుసకు అవతల, ఇప్పటి కడప జిల్లా పోరుమామిళ్లలో అనంతరాజ సాగరం అనే చెరువు కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజూ 1,000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బళ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెప్పాడు. దోషాలు చూడండి: కట్టలో ఊట, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. కట్టేవాడి చేతకానితనం ఇందులో ఒకటో రెండో, మిగతావన్నీ చోటు ఎంపికలో తప్పులే. సరిహద్దు సంగతిని 1369లోనే దోషాల్లో వేసినవాణ్ణి ఈనాటి నదీజలాల ట్రిబ్యునళ్ల ముందు నిలబెట్టాలనిపిస్తుంది.

ఆ చెరువు కట్ట కూడా అలాంటిదే. ఉన్న కొండలనే కట్టలో కలుపుకుని, వాటి మధ్య సందుల్లో మాత్రమే మట్టి పోసి రాయి పేర్చారు. కొండ చేసే పని కొండకు వదిలారు. వూ వెయ్ అంటే బద్ధకం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఈ ‘చేయకపోవడానికి’ వెయ్యి మంది రెండేళ్లు చెమటోడ్చారు.

అదే ఉదయగిరి దగ్గర దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. 1513లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని ముట్టడించాడు. ఒక్కొక్కరుగా తప్ప ఎక్కలేని కొండదారి. పోర్చుగీసు రచయిత నూనిజ్ చెప్పినదాని ప్రకారం రాయలు బండలు పగలగొట్టించి సైన్యం పోయేంత వెడల్పు దారి వేయించాడు. ఏడాదిన్నర పట్టింది, 1514లో కోట లొంగింది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకెళ్లి విజయనగరంలో గుడి కట్టించాడు. తోవ పడేదాకా ఆగలేదు, రోడ్డు వేశాడు, గెలిచాడు. దీన్ని తప్పు పట్టడానికి తావో దగ్గర సూటి జవాబు లేదు. అంత ఖర్చుతో గెలిచినది ఎన్నాళ్లు నిలుస్తుంది అని మాత్రం అడుగుతుంది.

ఆత్మకూరు వైపు వస్తే పెన్న మీద సోమశిల ఉంది. దాదాపు 78 టీఎంసీల జలాశయం. ఆ నీళ్లు లేకపోతే దిగువన వరి లేదు. తావో పేరు చెప్పి డ్యాములు వద్దనేవాళ్లు అన్నం తినే మాట్లాడాలి. 2021 నవంబరులో పెన్న పొంగి గేట్లన్నీ ఎత్తినా చాలనప్పుడు, డ్యాము ముందు నేల కోసుకుపోకుండా వేసిన ఆప్రాన్ దెబ్బతిని దిగువ ఊళ్లు మునిగినప్పుడు, నదికి తన వాటం ఒకటుందని అందరికీ గుర్తొచ్చింది. మరుసటి ఎండాకాలానికి మరిచిపోయాం.

నీటి మీదే చువాంగ్త్సులో నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. ఒక ముసలి తోటమాలి బావిలోకి దిగి కుండతో నీళ్లు తెచ్చి మొక్కలకు పోస్తుంటాడు. అటుగా వెళుతున్న కన్ఫ్యూషియస్ శిష్యుడు, ఏతం పెట్టుకోవచ్చు కదా తాతా, ఒక్క రోజులో వంద మళ్లు తడుస్తాయి అన్నాడు. ఏతం సంగతి నాకూ తెలుసు, పెట్టడానికి సిగ్గేసి పెట్టలేదన్నాడు ముసలాయన. యంత్రం వాడితే మనసూ యంత్రమవుతుందని ఆయన భయం. ఏతం! మనకు ఏతం అంటే తాతల నాటి అమాయకపు వస్తువు. ఆయనకు అది ప్రమాదకరమైన యంత్రం. ఇప్పుడు మెట్ట మండలాల్లో బోర్లు వందల అడుగుల లోతుకు దిగాయి. ఈ కథను మన రైతుకు చెబితే, ఆ ముసలాయనకు ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. తోటమాలికి తోట సరిపోయింది, అది అదృష్టం.

చువాంగ్త్సులో పేరు మోసిన మరో కథ పనికిరాని చెట్టుది. గుడి దగ్గర పెద్ద చెట్టును చూసి వడ్రంగి, పడవకు, తలుపుకు, దూలానికి దేనికీ పనికిరాదని పక్కనుంచి వెళ్లిపోతాడు. రాత్రి చెట్టు కలలోకి వచ్చి, పనికిరాకపోబట్టే ఇన్నాళ్లు బతికానంటుంది. ఈ కథను ఉదయగిరి అడవిలో పెట్టి చూస్తే అదిరిపోతుంది. వెలిగొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద దాదాపుగా కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం కొండల్లోనే సహజంగా పెరిగే చెట్టు. ఇంతకన్నా ‘పనికొచ్చే’ చెట్టు లేదు, అందుకే గొడ్డలి దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నా దొంగ దుంగలు ఎల్లలు దాటుతూనే ఉన్నాయి. ఎక్కువ గిరాకీ ఎక్కడ అంటే చైనాలో, పాతకాలపు రాజసపు కుర్చీలు, మంచాలు చేయడానికి. చువాంగ్త్సు పుట్టిన దేశంలో!

దూలానికి, దుంగకు పనికిరాని బిక్కి, కలివి అలా నిలిచిపోవాలి మరి. అవీ పూర్తిగా నిలవలేదు, చెంచాకు పనికొచ్చాయి. దేనికీ పనికిరాని చెట్టు అంటూ ఉంటుందా, లేక దాన్ని చూసే వడ్రంగి ఇంకా రాలేదా? ఈ ప్రశ్న దగ్గర చువాంగ్త్సు కథ కాస్త తడబడుతుంది. గరిటెకు కావలసింది చెట్టంత కాదు, కొమ్మంత, అది నిజమే. ఆ కొమ్మను అడవి నుంచి తేవడానికే ఇప్పుడు ఇబ్బంది పడుతున్నామని వసారాలో ఆమె అంది.

మెడ అప్పటికి సన్నబడింది. ముక్కను వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసి చూసింది, గోటితో మీటింది, చెవి దగ్గర పెట్టుకుంది. ఏదో నచ్చలేదు. పక్కన పెట్టేసి ఇంకో ముక్క అందుకుంది.