కువైట్ వీసాతో సౌదీలో పని చేయొచ్చా?

వీసా ఏ దేశానిదైనా ముందు విమానం ఎక్కితే చాలు, మిగతాది అక్కడికెళ్లాక చూసుకోవచ్చని జగిత్యాల నుంచి రాయచోటి దాకా ఏజెంట్లు చెబుతూనే ఉంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లలోనూ ఇలాంటి నమ్మకమే వేరే రూపంలో కనిపిస్తుంది: అమెరికా వీసా ఉంటే ఇక ఎక్కడికైనా వెళ్లొచ్చని. రెండింటికీ మూలం ఒకటే. లోపలికి రానివ్వడం వేరు, ఉండనివ్వడం వేరు, పని చేయనివ్వడం వేరు. మొదటిది దొరికితే మిగతా రెండూ దొరికినట్టేనని మనవాళ్లు అనుకుంటున్నారు.

అపోహ: గల్ఫ్ దేశాలన్నీ ఒకటే. ఒకచోట అకామా (నివాస అనుమతి) ఉంటే పక్క దేశంలోనూ చెల్లుతుంది.

1981లో ఏర్పడిన గల్ఫ్ సహకార మండలిలో ఆరు దేశాలున్నాయి. ఒక దేశం నుంచి మరో దేశానికి గుర్తింపు కార్డు చూపించి వెళ్లే సౌకర్యం ఆ దేశాల పౌరులకే ఉంది, అక్కడ పనిచేసే మనకు కాదు. సౌదీని, బహ్రెయిన్‌ను కలిపే కింగ్ ఫహద్ వంతెన పొడవు 25 కిలోమీటర్లు. 1986లో తెరిచారు. సౌదీ యజమాని కార్డు చూపించి దాన్ని దాటేస్తాడు. అదే కారు నడుపుతున్న తెలుగు డ్రైవర్‌కు మాత్రం సౌదీ ఇచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ (దేశం దాటి తిరిగి రావడానికి అనుమతి) ఉండాలి, పైగా బహ్రెయిన్ వీసా విడిగా ఉండాలి. 2021 మార్చిలో సౌదీ తెచ్చిన సంస్కరణతో కంపెనీ ఉద్యోగులు యజమాని అనుమతి లేకుండానే ఈ ఎగ్జిట్ రీ-ఎంట్రీ తీసుకునే వీలు వచ్చింది. ఇంటి డ్రైవర్లు, ఇంటిపనివాళ్లు అందులోకి రాలేదు.

గల్ఫ్‌లో నివాసం ఉన్న విదేశీయులకు పొరుగు దేశాలు పర్యాటక వీసాలు ఇస్తున్న మాట నిజమే. కానీ వాటికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. అకామా గడువు చూస్తారు, కొన్నిచోట్ల అందులో రాసిన వృత్తి కూడా చూస్తారు. ఆ వీసాతో అక్కడ ఒక్క రోజు కూలి చేసినా నేరమే.

అపోహ: కఫీలే (వీసా ఇచ్చిన యజమానే) స్వయంగా తీసుకెళ్తున్నాడు కదా, ఇందులో తప్పేముంది?

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇదే. కువైట్‌లో ‘పద్దెనిమిది నంబర్’ అంటే కంపెనీ వీసా, ‘ఇరవై నంబర్’ అంటే ఇంటిపని వీసా. ఇరవై నంబర్ మీద డ్రైవర్‌గానో, వంటమనిషిగానో రప్పించి, కొన్నాళ్లకే సరిహద్దు దాటించి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గరో, గొర్రెల దగ్గరో వదిలేసిన సంగతులు తెలుగు జిల్లాల్లో ఏళ్లుగా వింటున్నాం. ఖతర్ వీసాతో వెళ్లినవాళ్లకూ ఇదే గతి పట్టింది.

గల్ఫ్ పౌరుడు సౌదీకి వెళ్లేటప్పుడు తన ఇంటి పనివాళ్లను వెంట తీసుకెళ్లే వెసులుబాటు ఉంది. ఆ అనుమతి యజమానితో పాటు కొద్దికాలం ఉండి రావడానికి ఇచ్చేది. యజమాని మాత్రం తిరిగి వచ్చేస్తాడు, పనివాడు అక్కడే ఉండిపోతాడు. గడువు తీరిన మర్నాటి నుంచి సౌదీ దృష్టిలో అతను అక్రమంగా ఉంటున్న మనిషి. కువైట్ దృష్టిలో దేశం వదిలి వెళ్లిన మనిషి, కొన్ని నెలలు దాటితే అక్కడి అకామా కూడా పోతుంది. జీతం ఎగ్గొట్టారని సౌదీలో ఫిర్యాదు చేద్దామంటే అతనికి ఆ దేశంలో ఉద్యోగ ఒప్పందమే లేదు. కువైట్‌లో అడుగుదామంటే మనిషి అక్కడ లేడు. ఇంటి దగ్గర భార్య, కువైట్‌లోని మన రాయబార కార్యాలయానికి అర్జీ మీద అర్జీ పెడుతూ ఉంటుంది. మనిషేమో రియాద్ కార్యాలయం పరిధిలో ఎక్కడో ఫోన్ సిగ్నల్ లేని చోట ఉంటాడు.

దీన్ని వీసా పొరపాటు అనడం అన్యాయం. మోసంతో రప్పించి బలవంతంగా చాకిరీ చేయిస్తే అది మనుషుల అక్రమ రవాణా. అలా మోసపోయినవాడు మొదట్లో సరేనని ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదని 2000 సంవత్సరం నాటి ఐక్యరాజ్యసమితి పాలెర్మో ఒప్పందం చెబుతోంది. మన భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ ఈ నేరానికి సంబంధించినదే. కాబట్టి ‘నువ్వే కదా కారెక్కావు’ అని బాధితుణ్ని నిలదీసే హక్కు ఎవరికీ లేదు.

అపోహ: విజిట్ వీసా మీద దుబాయ్ చేరుకుంటే, అక్కడి నుంచి ఇరాక్‌కో, లిబియాకో పోవచ్చు.

పదో తరగతి పాసవని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు వస్తుంది. వాళ్లు 18 దేశాలకు పని మీద వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలతో పాటు ఇరాక్, లిబియా, యెమెన్, మలేషియా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ అనుమతి ఫలానా దేశానికి, ఫలానా యజమానికి, ఫలానా పనికి ఇచ్చేది. విజిట్ వీసాకు అది అక్కర్లేదు. ఏజెంట్లు ఆ సందులోంచే మనుషుల్ని దాటిస్తున్నారు.

అలా వెళ్లినవాడు పోగొట్టుకునేది అనుమతి ముద్ర ఒక్కటే అనుకుంటే పొరపాటు. అనుమతితో వెళ్లే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు అందుతాయి. యజమాని మారినా, ఉండే చోటు మారినా ఈ బీమా చెల్లుతుందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. సరైన దారిలో కువైట్ వెళ్లి, మోసపోయి సౌదీలో తేలినవాడి ఇంట్లో ఆ కాగితం ఉందేమో తప్పకుండా వెతకాలి. విజిట్ వీసా మీద వెళ్లినవాడికి అసలు ఆ కాగితమే ఉండదు. ఇంకో మాట. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడుగుతున్నాడంటే అతని పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి.

అపోహ: ఇలా మోసపోయేది చదువురానివాళ్లే.

డిగ్రీలు చేసినవాళ్లు, ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు కూడా థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమంటే నమ్మి వెళ్లారు. బ్యాంకాక్‌లో దిగగానే కారెక్కించి మే సోట్ దాకా తీసుకెళ్లి, అక్కడ మోయీ నది దాటించారు. అవతల ఒడ్డు మయన్మార్‌లోని మ్యావడీ. ఆ దేశపు వీసా ఎవరి దగ్గరా లేదు. అక్కడ పహారా మధ్య కూర్చోబెట్టి సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో భారత వైమానిక దళ విమానాల్లో రెండు రోజుల వ్యవధిలో 549 మందిని వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆఫర్ లెటర్‌లో ఉన్న ఊరు, కారు వెళ్తున్న దారి ఒకటి కానప్పుడు, ఇంకా ఫోన్ చేతిలో ఉండగానే లొకేషన్ ఇంటికి పంపాలి.

అపోహ: అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీ ఉంటే కెనడా, మెక్సికో తలుపులు తెరిచినట్టే.

ఇందులో సగం నిజం ఉంది. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయుణ్ని మెక్సికో సందర్శకుడిగా రానిస్తుంది. జార్జియా, యూఏఈ వంటి దేశాలు కూడా తమ షరతులతో ఇలాంటి వెసులుబాటు ఇస్తున్నాయి. ఇవన్నీ చూసి రావడానికే, జీతం తీసుకోవడానికి కాదు. కెనడా అయితే హెచ్-1బీ ఉన్న భారతీయుణ్నీ వీసా అడుగుతుంది. 2023 జులైలో హెచ్-1బీ వాళ్లకు కెనడా ప్రత్యేకంగా వర్క్ పర్మిట్లు ఇస్తామంటే పది వేల దరఖాస్తులు రెండు రోజుల్లోపే నిండిపోయాయి. ఆ పర్మిట్లు కూడా కెనడా సొంతంగా ఇచ్చిన కొత్త అనుమతులే.

యూరప్‌లోనూ అంతే. అక్కడి షెంగెన్ ప్రాంతంలో 29 దేశాలున్నాయి. పోలండ్ ఇచ్చిన దీర్ఘకాలిక వీసాతో మిగతా దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు, బెర్లిన్‌లో ఉద్యోగం మాత్రం చేయకూడదు. కంపెనీయే తన ఉద్యోగిని తాత్కాలికంగా పక్క దేశంలో పనికి పంపడం వేరే సంగతి. 1994లో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన వాండర్ ఎల్స్ట్ తీర్పు దానికి దారి చూపింది. ఇక బ్రిటన్‌లో పనిచేసే మనవాళ్లు బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్‌కు కారులో వెళ్లిపోతుంటారు. ఆ దారిలో చెక్‌పోస్టు లేదు, నిజమే. కానీ ఐర్లండ్ వీసా లేకుండా వెళ్లి దొరికితే ఆ దెబ్బ రేపటి బ్రిటన్ వీసా దరఖాస్తు మీద కూడా పడుతుంది.

అపోహ: ఇరుక్కున్నాక బయటికి వస్తే జైలే, క్షమాభిక్ష వచ్చేదాకా దాక్కోవాలి.

ఖల్లివెల్లి అయిపోయినవాళ్లు, అంటే యజమానిని వదిలి కాగితాలు లేకుండా ఉంటున్నవాళ్లు అందరూ క్షమాభిక్ష కోసమే ఎదురుచూస్తారు. కువైట్ 2024 మార్చి నుంచి జూన్ దాకా, యూఏఈ అదే ఏడాది సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా క్షమాభిక్ష ప్రకటించాయి. కానీ అది ఆ దేశం లోపల ఉన్నవాళ్లకే. కువైట్ వీసాతో వచ్చి సౌదీ ఎడారిలో ఉన్నవాడికి కువైట్ క్షమాభిక్ష దేనికీ పనికిరాదు.

అందుకే అర్జీ మనిషి ఇప్పుడున్న దేశంలోని మన కార్యాలయానికి ముందు వెళ్లాలి. సౌదీ అయితే రియాద్‌లోని రాయబార కార్యాలయం, జెద్దాలోని కాన్సులేట్. రెండు చోట్లా ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రాలున్నాయి. ఒక నకలు వీసా ఇచ్చిన దేశంలోని మన కార్యాలయానికి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఒక ఫిర్యాదు, పంపిన ఏజెంటు మీద సొంతూరి పోలీసు స్టేషన్‌లో ఒక కేసు. అర్జీతో పాటు పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా కాపీ, యజమాని పేరు, ఫోన్ నంబర్, చివరిసారి మాట్లాడిన తేదీ, వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్ జతచేయాలి.