గుండెకు బైపాస్ అయ్యాక... ఒంటి బరువు మాటేమిటి?



గుండెజబ్బు కూర్చుని తినేవాళ్ళకు వచ్చే జబ్బని మన పేటల్లో ఇప్పటికీ అనుకుంటారు. పొద్దస్తమానం చేలో ఒళ్ళొంచేవాళ్ళకు, ఇసుక తట్టలు మోసేవాళ్ళకు అది రాదని ధైర్యం. కానీ లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. అప్పటి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో ఒక ఏడాది పాటు ఎవరు ఏ కారణంతో చనిపోయారో పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి విచారించారు. సుమారు 1,80,000 మంది జనాభాలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. పక్షవాతం కూడా ఇందులోనే కలిసింది. అంటురోగాల వల్ల పోయినవారు అందులో సగం కూడా లేరు. 2006లో ఈ వివరాలు అచ్చయ్యాయి. ఇవి మన డెల్టా పల్లెల లెక్కలే.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై తరువాత పేర్లు మారుతూ వచ్చిన ప్రభుత్వ పథకం వల్ల బైపాస్ ఆపరేషన్ పేదవాడికీ అందింది. ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు. ఇంటికొచ్చాక ఏం పెట్టాలి, ఎంత నడిపించాలి, మనిషి ఒళ్ళు చేయాలా తగ్గాలా అని అమ్మ అడిగేది మాత్రం మనల్నే. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో చదువుకున్నది మనం ఒక్కరమే. అందుకే ఈ నాలుగు మాటలు.

బైపాస్ అంటే ఏమిటి?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలవల్లోకి, అక్కడి నుంచి బోదెల్లోకి, బోదెల నుంచి చేలోకి పారాయి. బోదె ఒకచోట పూడిపోతే రైతు ఏం చేస్తాడు? పూడిన చోటును వదిలేసి, పక్కనుంచి ఇంకో బోదె తవ్వి చేనుకు నీరు అందిస్తాడు. గుండె కండకు రక్తం తెచ్చే నాళాలు కొవ్వుతో పూడినప్పుడు సర్జన్ చేసేదీ అదే. కాలి నుంచి తీసిన సిరను గాని, రొమ్ము ఎముక వెనుక ఉండే ధమనిని గాని అడ్డంకి దాటించి అవతల కుడతారు. అమెరికాలో 1967లో డాక్టర్ రెనే ఫవలోరో కాలి సిరతో చేసిన ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. మన దేశంలో మొదటి బైపాస్‌ను 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు.

సాధారణంగా ఈ ఆపరేషన్‌కు రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. అంటే రోగికి మానాల్సినవి మూడు: గుండె, ఎముక, కాలి గాయం. ఈ మూడింటి మీదా ఒంటి బరువు ప్రభావం ఉంటుంది.

ఎవరు లావు, ఎవరు సన్నం?

కంటికి కనిపించినదాన్ని బట్టి చెప్పకూడదు. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు పెట్టి భాగించాలి. దీన్ని బి.ఎం.ఐ. అంటారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 48 కిలోలుంటే 17.6 వస్తుంది. అదే మనిషి 80 కిలోలుంటే 29.4 వస్తుంది. 18.5కు తగ్గితే బరువు చాలనట్టు. మన దేశీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని వైద్యులు లెక్కిస్తున్నారు. చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చిన మనుషులు మనలో ఎక్కువ. అందుకని నడుము కొలత కూడా చూడాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

బరువు ఎక్కువైతే

కొవ్వు పొరలో రక్తప్రసారం తక్కువ. అక్కడ కోసిన గాయం నెమ్మదిగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. దానికి షుగర్ తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. రొమ్ము ఎముక దగ్గర లోతుగా చీము పడితే మళ్ళీ ఆపరేషన్ గదికి వెళ్ళాల్సి రావచ్చు. బరువైన ఛాతీ, పొట్ట ఊపిరితిత్తులను నొక్కుతాయి కాబట్టి రోగి లోతుగా ఊపిరి తీయలేడు, కఫం బయటికి రాదు. గుండె లయ తప్పి కొట్టుకోవడం కూడా వీరిలో ఎక్కువగా కనబడుతుంది. మంచం మీంచి లేచేటప్పుడు చేతులు ఆనించి ఒళ్ళంతా ఎత్తితే ఆ భారం అతికీ అతకని ఎముక మీద పడుతుంది. పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, ఆ తరువాత లేవాలి.

మరీ సన్నగా ఉంటే

మనవాళ్ళు తెలుసుకోవలసింది ముఖ్యంగా ఇదే. పెద్ద పెద్ద ఆసుపత్రుల రికార్డులు పరిశీలించినప్పుడు, ఒక మోస్తరు లావున్నవారు మామూలు బరువున్నవారికంటే ఎక్కువగా చనిపోలేదు. ఎక్కువ నష్టపోయినది రెండు చివర్లవాళ్ళు: బాగా ఊబకాయం ఉన్నవారు, మరీ బక్కపలచగా ఉన్నవారు. లావుండటం మంచిదని దీని అర్థం కాదు. బక్కమనిషి దగ్గర జబ్బును తట్టుకునే నిల్వ తక్కువని అర్థం.

కారణం తేలికగానే అర్థమవుతుంది. 75 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే 45 కిలోల మనిషిలో 3 లీటర్లే ఉంటుంది. గుండెను ఆపి చేసే ఆపరేషన్‌లో వాడే యంత్రం గొట్టాల్లో ముందుగా లీటరుకు పైగా ద్రవం నింపుతారు. అది కలిసినప్పుడు సన్నటి మనిషి రక్తం ఎక్కువగా పలచబడుతుంది. ముందే రక్తహీనత ఉంటే ఎక్కువ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఆపైన గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులను శరీరం తన కండల్లోంచే తీసుకుంటుంది. కండ కరిగితే దగ్గే బలం, లేచి నడిచే బలం తగ్గుతాయి.

పథ్యం పేరుతో పస్తులు వద్దు

"పప్పు తింటే చీము పడుతుంది", "గుడ్డు పెట్టకండి, కుట్లు మానవు" అని చుట్టుపక్కల పెద్దలు ప్రేమతోనే చెబుతారు. ఆ మాట విని నెలరోజులు చారన్నం మీద ఉంచితే గాయానికి మేత ఉండదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఇవే కొత్త కండను కడతాయి. ఆపరేషన్ తరువాత కిలో బరువుకు రోజుకు సుమారు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. 50 కిలోల మనిషికి 60 గ్రాములకు తక్కువ కాకూడదు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కాబట్టి పూట పూటకూ ఏదో ఒకటి ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. పులుసులో ఉడికిన చేప మంచిదే, నూనెలో వేపినది వద్దు. ఆవకాయ, ఎండుచేప, అప్పడాల్లో ఉప్పు ఎక్కువ కనుక దూరం పెట్టాలి.

లావున్నవారు ఆపరేషన్ అయిన వెంటనే తిండి మానేసి తగ్గాలనుకోవడం కూడా తప్పే. ముందు గాయం మానాలి. రెండు మూడు నెలలయ్యాక డాక్టరుతో మాట్లాడి, అన్నం కొంచెం తగ్గించి, కూర పెంచి, నెమ్మదిగా తగ్గాలి.

రోజూ బరువు చూడాలి

ఆపరేషన్ అయిన కొత్తలో ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది. అది కండ కాదు, కొవ్వూ కాదు. మందులతో దిగిపోతుంది. ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి నోటుబుక్కులో తారీకుతో రాయాలి. ఒక్కరోజులో కిలోకు పైగా, లేదా వారంలో రెండు కిలోలకు పైగా పెరిగినా, కాళ్ళు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి ఫోను చేయాలి. "మనిషి ఒళ్ళు చేశాడు" అని సంతోషించి ఊరుకుంటే ప్రమాదం.

నడక, బరువులు

మొదట ఇంట్లోనే ఐదేసి నిమిషాలు రోజుకు నాలుగైదుసార్లు. వారాలు గడిచేకొద్దీ పెంచి, కాలవ గట్టు మీద అరగంట నడిచే స్థితికి రావాలి. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పూర్తిగా గట్టిపడటానికి మూడు నెలలు. అప్పటిదాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె పది కిలోల పైమాటే! చుట్ట, బీడీ పూర్తిగా మానాలి.

కూలికి పోయే మనిషికి మూడు నెలలు ఇంట్లో కూర్చోవడం అంటే ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అప్పు గుర్తొచ్చి నెలన్నరకే పార పట్టుకునేవారు ఉంటారు. "నాకేం, సన్నగా గట్టిగా ఉన్నాను" అంటారు. ఆ మాట దగ్గర ఆపవలసింది మనం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు డిశ్చార్జి కాగితం తీసి తెలుగులో చదివి వినిపిద్దాం. నోటుబుక్కులో బరువు రాయడం చెల్లికి నేర్పుదాం. మళ్ళీ చూపించుకోవలసిన తేదీ గోడ మీద కేలండర్‌లో గుర్తు పెడదాం. మనల్ని చదివించిన చేతులకు మన చదువు ముందుగా ఉపయోగపడాలని కోరుకుంటూ...

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.