చెట్ల లెక్క

గోదావరికి ఉత్తరమున, మంచిర్యాలకు చేరువనున్న నస్పూరు సింగరేణి బొగ్గుగనుల సీమలోనిది. ఆ పరిసరములందలి శ్రీరాంపూరు ప్రాంతమున భూగర్భ గనులును, ఓపెన్‌కాస్టు గనియును కలవు. భూగర్భ గనిలో నేల పైభాగము చాలవరకు నిలిచియుండును. ఓపెన్‌కాస్టులో అట్లు కాదు. మొదట చెట్లను తొలగింతురు; పిదప మట్టిని, రాతిని త్రవ్వి గుట్టలుగా పోయుదురు; అటుపై బొగ్గు తీయుదురు. ఆ గుట్టలపై మరల మొక్కలు నాటుదురు. కాని నిన్న నాటిన మొక్కయు, తాతలనాటి వేపయు లెక్కలో సమానమే గాని నీడలో సమానము కావు.

సాధారణముగా అనుమతి లేక చెట్టు కొట్టరాదని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము శాసించుచున్నది. అయితే లెక్కలో లేని చెట్టు రాత్రికి రాత్రి మాయమైన, అడుగువారెవరు?

చెట్లను లెక్కించుట కష్టమైన విద్య కాదు. చెట్టు పేరు, అది నిలిచిన చోటు, మ్రాని చుట్టుకొలత వ్రాసికొనవలెను. నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున, అనగా నాలుగున్నర అడుగుల వద్ద, టేపు చుట్టి కొలుతురు. అన్నిటిని ఒకే ఎత్తున కొలిచిననే పోలిక కుదురును. వేపకు, చింతకు ఇది సులభమే. చిక్కంతయు మర్రితోనే! ఊడలు నేల దిగి స్తంభములైన పిమ్మట మొదటి మ్రాను ఏదో చెప్పుట దుర్లభము. దాదాపు మూడెకరములు వ్యాపించిన మహబూబ్‌నగరు పిల్లలమర్రి అట్టిది.

చెట్టు ఆరోగ్యమును గూడ వ్రాయవలెను. 2017 డిసెంబరులో ఆ పిల్లలమర్రి కొమ్మ యొకటి విరిగిపడినది. చెదలు చెట్టును లోలోపల తినివేయుచుండెను. 2018లో అటవీ సిబ్బంది చెదల మందును నీట కలిపి, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించునట్లు, సీసాలు వ్రేలాడదీసి చుక్క చుక్కగా చెట్టులోనికి ఎక్కించిరి. బరువైన కొమ్మల క్రింద స్తంభములు నిలిపిరి.

లెక్క యొక్క బలము చేవెళ్ళ మార్గమున తేటపడినది. హైదరాబాదునుండి చేవెళ్ళ మీదుగా మన్నెగూడకు పోవు రహదారికి ఇరువైపుల మర్రులు బారులు తీరియున్నవి. దారిని వెడల్పు చేయ నిశ్చయింపగా, వృక్షప్రియులు కొందరు ఆ మార్గమంతయు తిరిగి ఒక్కొక్క మర్రిని గుర్తించి పటముపై చూపిరి. అవి దాదాపు 900 అని తేలినది. వ్యవహారము జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరినది. 'చాలా చెట్లు పోవును' అనుట వేరు. ఇన్ని చెట్లు, ఇదిగో ఇచ్చట, అని చూపుట వేరు. తుదకు 2025లో రహదారి నమూనాను సవరించి, అధికభాగమును ఉన్నచోటనే ఉంచుటకు, కొన్నిటిని వేళ్ళతో పెకలించి వేరొకచోట నాటుటకు ఏర్పాటయ్యెను.

వెడల్పు కోరినవారి మాటయు త్రోసివేయదగినది కాదు. ఇరుకైన ఆ దారిలోనే 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద బస్సును కంకర లారీ ఢీకొనగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. దారి వెడల్పు కాక తప్పదు. అందు ఏ మర్రి నిలుచునో, ఏది తరలునో మాత్రము ఇప్పుడు జాబితా చూచి అడుగవచ్చును.