సంతకం నేర్చి ఓటు తెచ్చుకున్న మారిషస్

అట్లాసు తెరిచి ఆఫ్రికా పక్కన మడగాస్కర్ చూడండి. దానికి తూర్పున చుక్కంత ద్వీపం, మన జిల్లా కన్నా చిన్నది. అదే మారిషస్.

మొదట అక్కడ మనుషులే లేరు. 1638లో డచ్చివాళ్లు, 1715లో ఫ్రెంచివాళ్లు, 1810లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తోటల్లో బానిసలతో పని చేయించారు. 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు ఎవరు నరకాలె? 1834 నుంచే మన దేశపు కూలీలను ఓడలెక్కించారు. 1920 లోపల సుమారు నాలుగున్నర లక్షల మంది పోయారు. అందులో తెలుగోళ్లూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడెక్కినందుకు వాళ్లకు "కోరంగీలు" అని పేరు పడ్డది.

ఒప్పందం అయిదేండ్లు. మగమనిషికి నెలకు 5 రూపాయలు, తిండి. ఒక్కరోజు నాగా పెడితే రెండు రోజుల కూలి కోసేది. మనుషులను కుదిర్చి పని చేయించేటోడు సర్దార్. మన కొల్లాపూర్ దిక్కు గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి లేబరును తోలుకపోవుడు చూసినోళ్లకు ఇది వేరే చెప్పాల్నా? కాకపోతే మనవాళ్లు పండుగకు ఇంటికొస్తారు. వాళ్లలో చాలామంది మళ్ల రానేలేదు. 1867 చట్టం వచ్చినంక, ఒప్పందం తీరినోడు కూడా ఫొటో ఉన్న చీటీ లేకుండా బయట తిరగరాదు.

నాకు బాగా నచ్చింది ఓటు సంగతి. ఏండ్ల తరబడి ఆస్తిపరులకే ఓటు ఉండేది. 1947 రాజ్యాంగంలో, ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలన్నారు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది! బసుదేవ్ బిసూన్‌దయాల్ అనే ఆయన, ఆయన వెంటి వలంటీర్లు ఊరూరా తిరిగి కూలీలకు చదువు, సంతకం నేర్పించారు. పగలంతా చెరకు కొట్టిన చేతులతో అక్షరాలు దిద్దుడంటే మాటలు కాదు. అంతకుముందు 11 వేలున్న ఓటర్లు 1948 ఎన్నికలకు 70 వేలు దాటారు. ఆడవాళ్లు ఓటేసింది కూడా అప్పుడే మొదలు. 1959లో చదువుతో పని లేకుండా పెద్దలందరికీ ఓటు వచ్చింది.

అందరూ స్వతంత్రం కోరారనుకోకండి. 1967 ఎన్నికల్లో నూటికి సుమారు 44 మంది వద్దన్న పార్టీకే ఓటేశారు. ఇంగ్లీషోళ్లు కూడా ఊరికే పోలేదు. 1965లోనే చాగోస్ దీవులు విడదీసుకొని, అక్కడి జనాన్ని వెళ్లగొట్టి, డీగో గార్షియాలో అమెరికా సైన్యానికి చోటిచ్చారు. అది చట్టవిరుద్ధమని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది.

1968 మార్చి 12న స్వతంత్రం వచ్చింది. మొదటి ప్రధాని శివసాగర్ రాంగూలాం. ఆయన తండ్రి బీహార్ నుంచి పోయిన చెరకు కూలీ. ఇప్పుడు అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటది. వాళ్ల పైసలను కూడా రూపాయి అనే అంటారు.