అరవై నిండాక ఏడాదికి 120 రూపాయలు: సఫాయి కార్మికులకు ఎవరూ చెప్పని ఈఎస్ఐ హక్కు

పని చేసినంతకాలం జీతంలోంచి ఈఎస్ఐ కోత పడుతూనే ఉంటుంది. అరవై నిండగానే ‘రేపటి నుంచి రావొద్దు’ అనే ఒక్క మాటతో పని పోతుంది. పర్మినెంటు ఉద్యోగికి సన్మానం, రిటైర్మెంటు ఆర్డరు ఉంటాయి. కాంట్రాక్టు సఫాయి కార్మికులకు కాగితం ముక్క కూడా ఇవ్వరు. మన మున్సిపాలిటీల్లో, ఆసుపత్రుల్లో ఈ పని చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది మాదిగ, మాల, రెల్లి కులాలవాళ్లే. జీవితమంతా చెత్తలో, మురుగులో పనిచేసిన ఒంటికి వైద్యం బాగా అవసరమయ్యే వయసులోనే వాళ్ల ఈఎస్ఐ కార్డు చెల్లకుండా పోతోంది.

అలా పోనక్కర్లేదు. ఈఎస్ఐ వైద్యంపై ఉన్న నిబంధనలు చదివితే విషయం తెలుస్తుంది. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి రిటైరైనవాళ్లు నెలకు 10 రూపాయల లెక్కన ఏడాదికి 120 రూపాయలు ముందుగా కడితే తమకూ, భార్యకు లేదా భర్తకూ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. ఏటా మళ్లీ కట్టుకోవాలి. కార్మికుడు చనిపోతే ఆయన భార్య ఇదే చందా కడుతూ వైద్యం పొందవచ్చు. పనిలో ప్రమాదం జరిగి, శాశ్వత వైకల్యంతో మధ్యలోనే పని మానేసినవాళ్లకూ రిటైర్మెంటు వయసు వచ్చేదాకా ఇదే రేటు మీద వైద్యం ఉంది.

మరి రిటైర్మెంటు ఆర్డరు లేనివాళ్ల సంగతేమిటి? దీనికి జవాబు చట్టంలోనే ఉంది. ఉద్యోగ షరతుల్లో రిటైర్మెంటు వయసు రాసి లేకపోతే, 60 ఏళ్లు నిండి పనిలో లేకుండా ఉన్నా అది పదవీ విరమణే. కాంట్రాక్టరు ఉత్తరం ఇవ్వలేదన్నంత మాత్రాన హక్కు పోదు. వయసుకు రుజువు, ఐదేళ్ల సర్వీసుకు రుజువు చూపాలి.

అసలు చిక్కు ఈ రెండో రుజువు దగ్గరే వస్తుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొందరికి కొత్త బీమా నంబరు తీస్తారు. దాంతో ఇరవై ఏళ్ల సర్వీసు నాలుగు ముక్కలై, ఏ ముక్కలోనూ ఐదేళ్లు కనిపించవు. పనిచేసే చోటు మారినా మనిషికి ఉండాల్సింది ఒకే పది అంకెల నంబరు. పాత నంబర్లుంటే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో దరఖాస్తు పెట్టి, పనిలో ఉండగానే వాటిని కలిపించుకోవాలి. కోత కోసి చందా కట్టని కాంట్రాక్టర్లూ ఉన్నారు. అలాంటప్పుడు ఆ చందా కట్టాల్సిన బాధ్యత ప్రధాన యజమానిది, అంటే మున్సిపాలిటీది లేదా ఆసుపత్రిది. ఫిర్యాదు వాళ్ల మీద కూడా పెట్టాలి.

ఇంకొక మెలిక ఉంది. పని మానేసిన రోజునే కార్డు ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు సాధారణంగా మరుసటి జనవరి నుంచి జూన్ వరకు వైద్యం అందుతుంది. అందుకే ‘కార్డు నడుస్తోంది కదా’ అని ఊరుకుంటాం. అది ఆగేనాటికి కాంట్రాక్టరు మారిపోతాడు, రికార్డు దొరకదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకు పనికొస్తుంది. రోజూ మింగాల్సిన బీపీ, షుగరు మాత్రలు ఈఎస్ఐ డిస్పెన్సరీలో దొరుకుతాయి. 2024లో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు 70 ఏళ్లు నిండాలి. అరవైకీ డెబ్బైకీ మధ్య ఉన్న పదేళ్లలో ఈ 120 రూపాయల చందా చాలా విలువైనది.

ఇది ఎవరి దయా కాదు. 1943లో కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక తయారు చేసే పని బి.పి. అదార్కర్‌కు అప్పగించినప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది బాబాసాహెబ్ అంబేడ్కర్. ఆ నివేదిక పునాది మీదే 1948 చట్టం వచ్చింది. మన కోసం కూడా వచ్చిన ఆ చట్టం మన వాడల దాకా చేరాలి.

మన ఇళ్లలో 55 దాటిన సఫాయి కార్మికులుంటే ఈ వారమే మూడు పనులు చేద్దాం. ఈఎస్ఐ పోర్టల్‌లో వాళ్ల చందాల వివరాలు తీసి ప్రింటు దాచుకుందాం. ఆధార్‌లోనూ ఈఎస్ఐ రికార్డులోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూద్దాం. జీవిత భాగస్వామి పేరు నమోదైందో లేదో చూద్దాం. కార్మిక సంఘాలు ఏటా అరవైకి దగ్గరవుతున్న వాళ్ల జాబితా రాసుకుని, అందరినీ కలిపి బ్రాంచి ఆఫీసుకు తీసుకెళ్లాలి. ఒక్కరే వెళితే ‘రేపు రా’ అంటారు. ఇరవైమంది కలిసి వెళితే దరఖాస్తు తీసుకుంటారు.