కదలని విద్యుత్ స్కూటరు

పెట్రోలు బండి కదలనిచో దాని రోగమును చెవితోనే కొంత గుర్తింపవచ్చును. ఇంజను దగ్గును, పొగ విడుచును. విద్యుత్ స్కూటరునకు ఆ గుణము లేదు. నడచునప్పుడును మౌనమే, నిలిచినప్పుడును మౌనమే. కనుకనే అది మొరాయించినంతనే పలువురు బ్యాటరీ చెడినదని నిశ్చయించుకొని, వేలకొలది రూపాయలు పోయుటకు సిద్ధపడుదురు. బండిలో మిక్కిలి వెలగల భాగమదియే. దానిని శంకించుటకు ముందు చూడవలసినవానిని వరుసగా విన్నవించెదను.

మొదట విద్యుత్తు నడచు త్రోవను మనస్సున నిలుపుకొందము. అది బ్యాటరీనుండి ఎం.సి.బి. అను మీటగుండ, ఫ్యూజుగుండ కంట్రోలరు అను పెట్టెను చేరును. అచ్చటినుండి మూడు లావు తీగలద్వారా మోటారునకు పోవును. ఈ మోటారు అనేక బండ్లలో వెనుక చక్రమునందే యుండును. కంట్రోలరు గ్రామకరణమువంటిది. పిడి త్రిప్పి మనమిచ్చిన యాజ్ఞను వినును గాని, బ్రేకుగాని సైడు స్టాండుగాని వలదన్నచో చక్రమునకు చిల్లిగవ్వయైనను చెల్లింపదు.

తాళము త్రిప్పినను దీపములు వెలుగనిచో ఎం.సి.బి., ఫ్యూజు, బ్యాటరీ కొన తగులుకొను చోటు చూడవలయును. దీపములు వెలిగియు బండి కదలనిచో సైడు స్టాండు పూర్తిగా మడువబడినదా యని చూడుడు. పిమ్మట బ్రేకు నొక్కకుండగనే వెనుకనున్న బ్రేకు దీపము వెలుగుచున్నదేమో పరికింపుడు. వెలుగుచున్నచో పిడిలోని బ్రేకు స్విచ్చి తగులుకొనిపోయినదన్నమాట. బండి బ్రేకు వేసియున్నదని కంట్రోలరు భ్రమపడుచున్నది. వానలో తడిసిన బండ్లయందు ఇది కలుగవచ్చును.

దీపములు వెలుగుట బ్యాటరీ నిండుగా నున్నదనుటకు సాక్ష్యము కాదు. దీపమునకు వలయు విద్యుత్తు స్వల్పము, మోటారునకు వలయునది అధికము. నిండినప్పుడు 4.2 వోల్టులుండు లిథియము అయాన్ సెల్లులను 13 వరుసగా కూర్చిన 48 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నచో మల్టీమీటరు 54.6 వోల్టులు చూపును. స్టాండుమీద చక్రము చక్కగా తిరిగి, మనుష్యుడెక్కగానే బండి నిలిచిపోయినచో, ఒక సెల్లు బలహీనమైనదనియో, ఒక కొన వదులైనదనియో యూహింపవచ్చును. ముందు కొనలను బిగించి చూచుట మేలు. అందులకు ఖర్చు లేదు.

బ్యాటరీ బాగుండియు చక్రము తిరుగనిచో యాక్సిలరేటరు పిడిని పరీక్షింపవలయును. అందు హాల్ సెన్సారు అను చిన్న వస్తువు కలదు. దానికి సుమారు 5 వోల్టులు అందును. పిడి త్రిప్పకున్నప్పుడు అది 1 వోల్టునకు లోపుగను, పూర్తిగా త్రిప్పినప్పుడు 4 వోల్టులకు దాపుగను బదులు చెప్పును. ఎంత త్రిప్పినను ఈ అంకె మాఱనిచో దోషము పిడిదే.

చక్రము తిరుగక వణకుచున్నచో మోటారు లోపలి సెన్సారునందో, మూడు తీగలలో నొకదానియందో లోపముండును. ఎం.సి.బి. దించి త్రోసినను చక్రము బరువుగా, కుదుపులతో తిరుగుచున్నచో ఆ మూడు తీగలను విడదీసి మఱల త్రోయుడు. ఇప్పుడు తేలికగా తిరిగినచో కంట్రోలరు చెడినది. తిరుగనిచో మోటారునో, చక్రమును పట్టుకొన్న బ్రేకునో చూడవలయును. ఈ పని తెలిసిన మెకానిక్కుచే చేయించుట శ్రేయస్కరము.

కడపట నొక హెచ్చరిక. బ్యాటరీ పెట్టెను మాత్రము ఇంటిలో విప్పరాదు. ఉబ్బినను, నీట మునిగినను, తాకరానంత వేడెక్కినను దానిని చార్జి పెట్టరాదు. పండుకొను గదిలోనికి అసలే తేరాదు. 2022 ఏప్రిలు మాసమున నిజామాబాదునందును విజయవాడయందును ఇండ్లలో చార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. బండి కదలనిచో ఒకనాటి పనియే చెడును. తొందరపడి బ్యాటరీతో చెలగాటమాడినచో కుటుంబమే చెడును. కావున తేలికదానినుండి కష్టమైనదానికి, బయటినుండి లోపలికి వరుసగా వెదకుచు, బ్యాటరీ పెట్టె మూతకడ చేయి నిలుపుడు.