గొట్టంలో రంగు మారితే

"జీర్ణకోశ క్యాన్సర్ ఆపరేషన్ల మీద ముఖచిత్ర కథనం, పాతబస్తీ నుంచి. గురువారం సాయంత్రానికి కాపీ కావాలి" అన్నారు ఎడిటర్. రోబోల గురించి, గంటల తరబడి సాగే సర్జరీల గురించి సమాచారం బోలెడు దొరికింది. నన్ను కట్టిపడేసింది మాత్రం షాలిబండలో ఒక ఇంట్లో చూసిన బడి నోట్‌బుక్. పేజీకి మూడు గడులు: తేదీ, ఎన్ని ఎం.ఎల్., రంగు. తండ్రి పొట్టలో పెట్టిన డ్రెయిన్ గొట్టం లెక్కను ఇంటర్ చదివే కూతురు వార్డులో కూర్చుని రాసింది. పేర్లు, ఆస్పత్రి వివరాలు వద్దన్నారు ఇంటివాళ్లు.

ఆయనకు మొదట కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, ఒళ్లంతా దురద. మామూలు కామెర్లనుకుని పసరు పోయించి పథ్యం పెట్టారు. నెల దాటిపోయింది. యాభై పైబడినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, తగ్గకుండా, మలం తెల్లబడుతుంటే పైత్యరసం దిగే నాళానికి గడ్డ అడ్డుపడిందేమో స్కాన్ తీయించాలి. పసరు పోసే ప్రతి గడప దగ్గరా ఈ ముక్క చెప్పాలని నా కోరిక.

గడ్డ ఆ నాళం చివరే ఉంది. దానికి విపుల్ ఆపరేషన్ చేశారు. క్లోమం తల భాగం, ఆంత్రమూలం, పిత్తాశయం, పైత్యనాళం చివర తీసేసి, మిగిలిన క్లోమాన్నీ నాళాన్నీ జీర్ణాశయాన్నీ చిన్నపేగుకు కుడతారు. ఈ మూడు అతుకుల్లో భయపెట్టేది క్లోమానిది. అది మెత్తగా ఉంటే దారం కోసుకుపోతుంది. అక్కడ కారే రసం మాంసాన్ని కూడా అరిగించగలదు.

"సీసా మంచం మీద పెట్టకమ్మా, కిందికి వేలాడనీ. రంగు మారితే నన్ను లేపు, మొహమాటపడకు" అని నర్సు ఆ పిల్లకు నేర్పిందట. నోట్‌బుక్‌లో మొదట ఎరుపు, తర్వాత గులాబి, లేత పసుపు. అయిదో రోజున "మట్టి రంగు". ద్రవాన్ని ల్యాబుకు పంపారు. ఆపరేషన్ అయిన మూడో రోజున గానీ ఆ తర్వాత గానీ డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్ అనే ఎంజైమ్, రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటితే క్లోమరసం కారుతున్నట్టు. చాలామందికి గొట్టం అలాగే ఉంచి, ఇన్‌ఫెక్షన్‌ను అదుపుచేస్తూ, పోషణ అందిస్తే లీకు దానంతటదే మూసుకుంటుంది.

తొమ్మిదో రోజు గడిలో "ఎర్రగా, కొంచెం" అని ఉంది. ఆ తెల్లవారుజామున "సిస్టర్, రంగ్ బదల్ గయా" అంటూ ఆమె పరుగెత్తింది. కారిన రసం పక్కనున్న ధమని గోడను తినేస్తే, భారీ రక్తస్రావానికి కొన్ని గంటల ముందో కొన్ని రోజుల ముందో ఇలా కొద్దిగా తాజా రక్తం కనబడవచ్చు. డ్యూటీ డాక్టరు ఆగలేదు. సీటీ యాంజియోలో ధమని ఉబ్బు కనబడింది. గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి, కాయిల్‌తో మూసేశారు. పొట్ట మళ్లీ తెరవలేదు.

అనుభవమున్న పెద్ద కేంద్రాల్లో విపుల్ తర్వాత మరణాలు 5 శాతం లోపుకు దిగాయి. చిక్కులు మాత్రం నేటికీ మూడో వంతు మందికి పైగా వస్తున్నాయి. అందుకే "ఆపరేషన్ సక్సెస్" అని ఆ రోజే వేసే వార్తలను నేను నమ్మను. మొదటి రెండు వారాల చార్టు చూపించమంటాను.

ఈ ఆపరేషన్లదీ, నగరంలోని ఆస్పత్రిదీ చరిత్ర క్లుప్తంగా: 1881లో వియన్నాలో బిల్‌రోత్ క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని తొలిసారి విజయవంతంగా తొలగించాడు. 1888, 1889లో ఇక్కడ హైదరాబాద్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, మత్తుమందుగా క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చే క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి పోయింది. తర్వాత వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నమూనాతో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. 1935లో విపుల్ తన ఆపరేషన్‌ను ప్రకటించాడు. 2025 జనవరిలో గోషామహల్‌లో ఉస్మానియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది.

ఇంటికొచ్చాక

విపుల్ తర్వాత చాలామందికి క్లోమరసం చాలదు. మలం జిడ్డుగా నీళ్లపై తేలితే డాక్టరుకు చెప్పాలి. ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకోవాల్సింది అన్నం తినేటప్పుడే, తిన్న గంటకు కాదు. షుగర్ కొత్తగా రావచ్చు, పరీక్ష మానకూడదు. రంజాన్ ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా సర్జన్‌ను అడగాలి.

అతుకు లీకు భయం విపుల్‌కే పరిమితం కాదు. పెద్దపేగు, మలాశయం ఆపరేషన్లలో అతుకు లీకయితే సాధారణంగా మొదటి వారంలో బయటపడుతుంది: జ్వరం, గుండె దడ, పొట్ట ఉబ్బరం. అతుకు మానేదాకా కొందరికి మలం బయటికి వచ్చేలా పొట్టపై సంచి పెడతారు. సంచి ఉంటే నమాజ్ కుదరదేమోనని కొందరు ఇంట్లోనే ముడుచుకుంటున్నారు. ఆపుకోలేని స్రావం ఉన్నవారికి షరియత్‌లోనే వెసులుబాటు ఉంది, ప్రతి నమాజ్ వేళకూ కొత్తగా వజూ (నమాజ్‌కు ముందు చేసే శుద్ధి) చేసుకుంటే చాలు.